చనిపోయినవాళ్లను క్షమాపణ అడిగేదెలా?

ప్రశ్న: మా నాన్నగారు చనిపోయి ఎనిమిది నెలలైంది. అంతకు ముందు మూడేళ్లు నేను ఆయనతో మాట్లాడలేదు. ఇంట్లో చెల్లికి కూడా వాటా రాస్తానన్నందుకు గొడవ. పోవడానికి నాలుగు రోజుల ముందు రాత్రిపూట ఫోన్ చేశారు. పేరు చూసి కూడా ఎత్తలేదు. చివరికి కాగితాలేవీ రాయకుండానే పోయారు. ఇల్లు ప్రస్తుతం నా చేతిలోనే ఉంది. ఆదరణ కూడికలో అందరూ "పునరుత్థాన దినాన నాన్నను మళ్లీ చూస్తావు" అన్నారు. నాకు ఓదార్పు కలగలేదు సరికదా, భయం వేసింది. ఏ మొహం పెట్టుకుని చూడాలి? అమ్మ "కృప చాలురా, నమ్ము, ఆయన అన్నీ క్షమిస్తాడు" అంటుంది. మా మామయ్య "చేసింది అనుభవించక తప్పదు" అంటారు. అమ్మ మాట మరీ చౌకగా, మామయ్య మాట న్యాయంగా అనిపిస్తోంది. నిజం చెప్పాలంటే చనిపోయినవాళ్లు లేస్తారన్న నమ్మకమే నాకు సరిగ్గా లేదు. నాన్న మిస్డ్ కాల్ ఇంకా ఫోన్‌లో అలాగే ఉంది. నా భార్య తీసెయ్యమంటోంది. పునరుత్థానం, కృప అనే ఈ మాటలకు నాలాంటివాడి విషయంలో అర్థమేమైనా ఉందా?

సమాధానం: భయం వేసిందన్నారు చూడండి, అక్కడ మీ ఉత్తరం పక్కన పెట్టి కాసేపు ఊరుకున్నాను. సమాధి దగ్గర నిలబడి "మళ్లీ కలుస్తాం" అని అందరికీ చెప్తాం. వినేవాడికి ఆ కలయిక కావాలో వద్దో ఎవరం అడగం. మాటల్లేకుండా విడిపోయిన ఇద్దరికి మళ్లీ కలవడమంటే శుభవార్త అని ముందే అనుకోవడానికి వీల్లేదు. మీరు భయపడ్డారంటే ఆ మాటను నిజంగా విన్నారన్నమాట.

సిలువ మీద చనిపోయిన యేసు మళ్లీ లేచాడన్న వార్తను మొదటి ఈస్టర్ నాడు విన్నవాళ్ల పరిస్థితి మీకు బాగా అర్థమవుతుంది. మనం పాటలు పాడుకుంటూ ఆ కథలోకి వెళ్తాం కాబట్టి వాళ్లెవరో మర్చిపోతాం. వాళ్ల గుంపులోవాడే ఒకడు ముప్పై వెండి నాణేలకు గురువును అప్పగించాడు. మిగతావాళ్లు ఇంచుమించు అందరూ పారిపోయారు. ప్రాణమైనా ఇస్తానన్న శిష్యుడు పేతురు, చలిమంట దగ్గర ఒక పనిపిల్ల అడిగితే, ఆ తర్వాత ఇంకా ఇద్దరు ముగ్గురు అడిగితే, ఆయనెవరో నాకు తెలియదన్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. ప్రభువు తిరిగి పేతురు వైపు చూశాడని, యేసు కథ చెప్పే నాలుగు సువార్తల్లో ఒకటి రాసిన లూకా అంటాడు. ఆ చూపుకు బదులు చెప్పే వ్యవధి కూడా పేతురుకు దొరకలేదు. మర్నాడు మధ్యాహ్నం మూడింటికల్లా సిలువ మీద అంతా అయిపోయింది. ఆ శనివారం పేతురు ఎలా గడిపాడో సువార్తల్లో లేదు. మీరు మాత్రం ఆ శనివారంలో ఎనిమిది నెలలుగా ఉన్నారు. తప్పు గుర్తుంది, ఏడుపు వస్తోంది, చెప్పుకుందామంటే మనిషి లేడు.

ఇక ఆదివారం. ఆయన లేచాడట!

పేతురు చోట నిలబడి వినండి ఆ మాట. అన్యాయంగా చంపబడినవాడు తిరిగొచ్చాడంటే మన కథల్లో ఎందుకొస్తాడు? పగ తీర్చుకోవడానికి. ద్రోహం చేసినవాడి గుమ్మం దగ్గరే ముందు నిలబడతాడు. శిష్యులు తలుపులు మూసుకుని కూర్చున్నది యూదులకు భయపడి అని ఇంకో సువార్తలో యోహాను చెప్పాడు. అయితే ఆయన్ను చూడగానే భూతం అనుకుని హడలిపోయారని లూకా రాశాడు. ఆ హడలులో తమ తప్పు తాలూకు వాటా కూడా ఉండే ఉంటుందని నా ఊహ. అలా వచ్చినవాడు గది మధ్యలో నిలబడి అన్న మొదటి మాట: "మీకు సమాధానము కలుగును గాక." సమాధానము అంటే ఇక్కడ శాంతి. అని, గాయపడ్డ చేతులూ పక్కా చూపించాడు. గాయాలు మానిపోలేదు, ఆయన వాటిని దాచనూ లేదు. ఎవరెవరు ఏం చేశారో లెక్క మాత్రం తీయలేదు.

మీరు అడిగిన రెండు మాటలూ ఆ ఒక్క వాక్యంలో కలిసిపోయాయి. గాయపడినవాడే తిరిగి రావడం పునరుత్థానం. గాయపరిచినవాళ్లకు సమాధానం తేవడం కృప. ఒకటి లేకుండా రెండోది నిలబడదు. ఆయన లేవకపోతే పేతురుకు దొరికే క్షమాపణ తనకు తాను చెప్పుకునే ఊరడింపే. ఆయన లేచి, కృప లేకుండా వచ్చి ఉంటే, ఆ గదిలో ఉన్నవాళ్లకు అంతకన్నా ఘోరమైన రోజు ఉండేది కాదు. క్రీస్తు లేవకపోతే "మీరింకను మీ పాపములలోనే యున్నారు" అని, తొలి సంఘాలకు ఉత్తరాలు రాసిన పౌలు కొరింథు సంఘంవాళ్లకు రాసినప్పుడు, అది ఏదో సిద్ధాంత సూత్రం అనుకుని చాలా ఏళ్లు చదివాను. పేతురు శనివారాన్ని దృష్టిలో పెట్టుకుంటే అది ఎంత మామూలు నిజమో తెలిసింది. చచ్చిపోయినవాడు క్షమించలేడు.

పునరుత్థానం అంటే ఏమిటో కూడా కాస్త చెప్పుకోవాలి. కూడికల్లో ఈ మాటను ఎటుబడితే అటు వాడేస్తుంటారు. యేసు బతికించిన లాజరు సంగతి వేరు. నాలుగు రోజుల తర్వాత సమాధిలోంచి వచ్చాడు, కాళ్లకూ చేతులకూ ప్రేతవస్త్రాలు చుట్టి ఉంటే వేరేవాళ్లు విప్పాల్సి వచ్చింది. అతను తిరిగొచ్చింది పాత బతుకులోకే, ఆ తర్వాత మళ్లీ చావాల్సినవాడే. శరీరం పోయి ఆత్మ ఎక్కడో హాయిగా ఉండటమూ పునరుత్థానం కాదు. ఆత్మ అమరం అనే మాట గ్రీకులకు కొత్త కాదు. ఏథెన్సులో పౌలు ప్రసంగాన్ని వాళ్లు ఓపిగ్గానే విన్నారు, మృతులు లేవడం అనేసరికి కొందరు అపహాస్యం చేశారు. క్రైస్తవ విశ్వాసం చెప్పేది శరీరంతో సహా ఆ మనిషే లేవడం గురించి. పౌలు గింజతో పోల్చాడు. నాటిందీ మొలిచిందీ ఒకటే, అయినా చూడ్డానికి ఒకటి కావు. లేచిన యేసును చూసి ఆయన శిష్యురాలు మగ్దలేనే మరియ తోటమాలి అనుకుంది, పేరు పెట్టి పిలిచాక గానీ పోల్చుకోలేదు.

మీ విషయంలో దీని అర్థం ఏమిటంటే, ఆ దినాన మీరు చూస్తారని చెప్తున్నది మీ నాన్నగారినే. పటంలో ఉన్న నాన్నను కాదు, అన్నీ మర్చిపోయి చిరునవ్వు నవ్వే దేవదూతనూ కాదు. మీకు ఫోన్ చేసిన ఆ మనిషినే. మీ భయం తప్పు కాదని అందుకే అన్నాను.

మీకు సరిగ్గా నమ్మకం లేదన్న సంగతి నన్ను పెద్దగా కంగారు పెట్టలేదు. స్త్రీలు వచ్చి యేసు సమాధి ఖాళీగా ఉందని చెప్తే అపొస్తలులకు, అంటే ఆయన ముఖ్య శిష్యులకు, అవి "వెఱ్ఱిమాటలుగా" అనిపించాయి. గలిలయ కొండ మీద ఆయన్ను కళ్లారా చూసి మొక్కుతూనే "కొందరు సందేహించిరి" అని మత్తయి రాశాడు. మార్కు సువార్త అతి ప్రాచీన ప్రతుల్లో పదహారో అధ్యాయం ఎనిమిదో వచనంతోనే ఆగిపోతుంది, ఆ స్త్రీలు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదు అంటూ. విజయగీతం రాయాలనుకున్నవాళ్లు ఇలా ముగించరు. కొరింథుకు ఉత్తరం రాసేనాటికి, అంటే సుమారు 55వ సంవత్సరం నాటికి, ఆయన్ను చూసినవాళ్ల జాబితా పౌలు దగ్గర ఉంది. కేఫా, పన్నెండుగురు, ఐదువందలకు పైగా సహోదరులు, యాకోబు. ఆ ఐదువందల మందిలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని కూడా రాశాడు, కావాలంటే అడుగు అన్నట్టు. మిమ్మల్ని నోరు మూయించడానికి ఇదంతా చెప్పడం లేదు. ఇది రుజువు కాదు, సాక్ష్యం. సాక్ష్యాన్ని తూచుకోవడానికి టైమ్ పడుతుంది. పట్టనివ్వండి.

ఆ జాబితాలో మొదటి పేరు చూశారా? కేఫా అంటే పేతురే. సీమోను అన్నా అతనే. ప్రభువు "సీమోనునకు కనబడెను" అని లూకా కూడా అంటాడు. ఆ కలయికలో ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాలుగు సువార్తల్లో ఒక్కరూ రాయలేదు. రాయకపోవడమే నాకు ఇష్టం. కొన్ని మాటలు ఆ ఇద్దరివే.

రాసింది మాత్రం ఇంకొకటి ఉంది, సరస్సు ఒడ్డున పొద్దున్నే జరిగింది. మీరు "చౌక" అన్న మాటకు జవాబు అక్కడే ఉంది. శిష్యులు రాత్రంతా వల వేసి ఒడ్డుకొస్తే అక్కడ బొగ్గుల మంట, దాని మీద చేపలు. ఆ మంటకు యోహాను వాడిన గ్రీకు మాట కొత్త నిబంధన మొత్తంలో రెండే చోట్ల ఉంది. ఒకటి ఇక్కడ, రెండోది పేతురు చలి కాచుకుంటూ "నేను ఆయన్ను ఎరగను" అన్న ప్రధాన యాజకుడి ముంగిట్లో. మళ్లీ అదే వేడి, అదే పొగ. ముందు తినండని అన్నం పెట్టి, ఆ తర్వాత అడిగాడు: సీమోనూ, నన్ను ప్రేమిస్తున్నావా? మూడుసార్లు అడిగాడు. మూడోసారికి పేతురుకు దుఃఖం వచ్చింది. రాదూ మరి! తను తెలియదన్నది కూడా మూడుసార్లే. ఆరోజు నువ్వు ఇలా అన్నావే అని ఆయన ఒక్క మాట ఎత్తలేదు, కానీ ఎక్కడ పుండు ఉందో సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు. పెట్టి, ప్రతి జవాబుకూ ఒక పని అప్పగించాడు: నా గొర్రెల్ని మేపు. "పోనీలే" అనడం కృప అయితే ఈ సంభాషణ అవసరమే లేదు, చేపలు తిని ఎవరి దారిన వాళ్లు పోవచ్చు.

మీ అమ్మగారు చెప్పిన మాట తప్పు కాదు, కురచ. మీ మామయ్యగారి మాట న్యాయంగానే ఉంది, కానీ అందులో తిరిగొచ్చినవాడు లేడు, లెక్క ఒక్కటే ఉంది. ఈ ఇద్దరి మధ్య తగువు మీ ఇంట్లో పుట్టింది కూడా కాదు. 1517లో మార్టిన్ లూథర్ అనే జర్మన్ సన్యాసి మొదలుపెట్టిన వాదం పడమటి దేశాల క్రైస్తవ సంఘాన్ని నిలువునా చీల్చింది. దేవుడు మనిషిని అంగీకరించేది కృపచేతనా, మనిషి చేసే క్రియలచేతనా? 1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కాథలిక్ సంఘం కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన యోగ్యత వల్ల కాక కృపవల్లే దేవుడు మనల్ని అంగీకరిస్తాడనీ, ఆ కృపే మనల్ని మంచి పనులకు సిద్ధం చేస్తుందనీ అందులో ఉంది. దాదాపు ఐదువందల ఏళ్లు పట్టింది ఆ రెండు ముక్కలూ ఒకే వాక్యంలో రాసుకోవడానికి. మీ అమ్మగారికీ మామయ్యగారికీ ఇంకొన్నాళ్లు టైమివ్వండి. చౌక అన్న మాట కూడా మీకన్నా ముందు ఒకరు అన్నారు. డీట్రిచ్ బోన్‌హోఫర్ అనే జర్మన్ పాస్టర్ 1937లో, పశ్చాత్తాపం లేకుండా పంచిపెట్టే క్షమాపణను చౌక కృప అని పేరు పెట్టి తిట్టాడు. ఆయన్ను నాజీలు 1945 ఏప్రిల్ 9న ఉరితీశారు. ఊరికే అన్న మాట కాదది.

ఇక్కడ మీరు నన్ను ఆపి అడగొచ్చు. పేతురు విషయం సరే, ఆయన గురువు మూడో రోజున వచ్చాడు, మా నాన్న రాలేదు కదా అని. సరైన ప్రశ్న. అందుకే మీకు పేతురుకన్నా పౌలు దగ్గరివాడు.

తొలి క్రైస్తవుల్లో ఒకడైన స్తెఫనును రాళ్లతో కొట్టి చంపుతుంటే, కొట్టేవాళ్ల బట్టలకు కాపలా కాసిన యువకుడు ఈ పౌలే. అప్పటికి పేరు సౌలు. ఆ చావు అతనికి సమ్మతమే అని లూకా దాపరికం లేకుండా రాశాడు. తర్వాత దమస్కు దారిలో సౌలు బతుకు తలకిందులైంది, యేసు ఎదురయ్యాడు. స్తెఫను మాత్రం ఎదురుకాలేదు. అప్పుడూ కాలేదు, ఆ తర్వాతా కాలేదు. పౌలు ఎన్ని ఊళ్లు తిరిగినా, ఎన్ని సంఘాలు కట్టినా, ఒక్క మనిషి దగ్గరికి వెళ్లి "నన్ను క్షమించు" అనలేకపోయాడు. మర్చిపోయాడా? లేదు. చాలా ఏళ్ల తర్వాత యెరూషలేములో జనం ముందు నిలబడి, స్తెఫను రక్తం చిందినప్పుడు నేను దగ్గర నిలబడి బట్టలకు కావలి ఉన్నానని తనే చెప్పుకున్నాడు. కొరింథు ఉత్తరంలో పునరుత్థానం గురించి ఆ పెద్ద అధ్యాయం రాస్తూ, ఆయన్ను చూసినవాళ్ల జాబితా చివర తన పేరు రాయగానే కలం అక్కడ ఆగిపోయినట్టుంటుంది. సంఘాన్ని హింసించినవాణ్ని, అపొస్తలుడనడానికి తగను అని ఒప్పుకుని, వెంటనే "అయినను నేనేమై యున్నానో అది దేవుని కృపవలననే అయియున్నాను" అన్నాడు. కృప గురించి పౌలు చెప్పిన మాటల్లో నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఇదే. అది పునరుత్థానం అధ్యాయంలో, ఒక నేరస్థుడి ఒప్పుకోలు పక్కన దొరుకుతుంది. ఆ వాక్యంలో "అయినను" అన్న మాటను ఒకసారి నెమ్మదిగా చదవండి. దానికి ముందున్నదాన్ని అది కొట్టెయ్యలేదు.

ఇంకొక సంగతి ఉంది. స్తెఫను చనిపోతూ, "ప్రభువా, వారిమీద ఈ పాపము మోపకుము" అని ప్రార్థించాడు. పౌలు అడక్కముందే, అడగాలన్న తలంపు కూడా లేనప్పుడే, అతని తరఫున ఆ మాట దేవుడి దగ్గరికి వెళ్లిపోయింది. మీ నాన్నగారు కూడా అలాగే అన్నారని చెప్పి మిమ్మల్ని ఊరడించాలని నాకూ ఉంది. చెప్పను. ఆ రాత్రి ఎందుకు ఫోన్ చేశారో మీకూ తెలియదు, నాకూ తెలియదు. క్షమించడానికి కావచ్చు, ఇంకోసారి తిట్టడానికి కావచ్చు, మందుల చీటీ ఎక్కడ పెట్టారో కనుక్కోవడానికీ కావచ్చు. క్రైస్తవ విశ్వాసం మీకు ఇచ్చేది ఆ ఫోన్ వెనక సంగతి కాదు. ఆయనకూ మీకూ మధ్య ఆగిపోయిన మాట సమాధితో ముగిసిపోలేదని, మిగిలింది లేచిన ప్రభువు ఎదుట జరుగుతుందని, ఆయన తనను గాయపరిచినవాళ్లతో మొదట ఏమన్నాడో మనకు ముందే తెలుసనీ ఇచ్చే భరోసా అది. అక్కడ మీ నాన్నగారు కూడా కృప పొందినవారిగానే నిలబడతారు తప్ప న్యాయాధిపతిగా కాదు. ఆయన వైపు కూడా మీకు చెప్పాల్సినవి కొన్ని ఉండే ఉంటాయి.

ఈలోగా ఆయనతో మాట్లాడొచ్చా? చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించడం కాథలిక్, ఆర్థడాక్స్ సంఘాల్లో పాతకాలం నుంచీ ఉంది. ప్రొటెస్టెంట్ సంఘాలు సాధారణంగా ఒప్పుకోవు. మీది ఏ సంఘమో మీరు రాయలేదు, ఆ గొడవలోకి నేను దిగను. ఏ సంఘమైనా అడ్డుచెప్పనిది ఒకటుంది. నాన్నతో అనాలనుకున్న మాటల్ని దేవుడితో బయటికి అనడం. మనసులో కాదు, నోటితో. "గొడవ జరిగింది" అని కాదు, "ఫోన్ చూసి కూడా ఎత్తలేదు" అని. మీరు నాకు రాయగలిగారు కాబట్టి ఆయనతోనూ అనగలరు.

ఇప్పుడు మీ ఉత్తరంలో మీరు గబగబా దాటేసిన వాక్యం దగ్గరికి వద్దాం. "ఇల్లు ప్రస్తుతం నా చేతిలోనే ఉంది." ఇన్ని కన్నీళ్ల మధ్య మీ చెల్లెలి గురించి ఉన్నది ఒకే ఒక్క మాట, అదీ గొడవకు కారణంగా. ఆవిడకూ తండ్రి పోయాడు. ఆవిడ అన్న కూడా మూడేళ్లుగా లేడు, బతికే ఉన్నా. కఠినంగా ఉంటే మన్నించండి, కానీ ఆ ఇంటి తాళం జేబులో పెట్టుకుని మీరు కృప గురించి అడిగితే నేను వేదాంతం ఒక్కటే చెప్పి పంపలేను. పన్నులు వసూలు చేసే జక్కయ్య సంగతి మీకు తెలిసిందే. చెట్టు మీదున్నవాణ్ని యేసు పేరు పెట్టి పిలిచి, నేడు నీ ఇంట్లో ఉండాలి, దిగు అన్నాడు. లెక్కలు తేల్చి రమ్మనలేదు. ముందు ఇంటికొచ్చాడు. ఆ తర్వాతే జక్కయ్య లేచి నిలబడి, ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు అన్నాడు. ఈ వరస తిరగేస్తే మీ మామయ్యగారి మాట అవుతుంది, రెండో సగం తీసేస్తే మీ అమ్మగారి మాట అవుతుంది. చెల్లి వాటా ఇస్తే నాన్న క్షమిస్తాడన్న బేరం పెట్టుకోకండి. అది కొనుక్కోవడం. వాటా ఆవిడది కాబట్టి ఇవ్వండి. నాన్న బతికుండగా వినడానికి మీరు ఒప్పుకోని మాట అదొక్కటే, అది ఇప్పటికీ వినొచ్చు.

ఆవిడ వెంటనే కరిగిపోతుందని అనుకోవద్దు. తలుపు తియ్యకపోవచ్చు. "ఇన్నాళ్లకు గుర్తొచ్చానా" అనొచ్చు. ఆ మాట పడండి. పేతురు కూడా మూడుసార్లు పడ్డాడు.

మిస్డ్ కాల్ సంగతి. మీ భార్య మిమ్మల్ని చూడలేక తీసెయ్యమంటున్నారు, ఆవిడ మీద విసుక్కోకండి. నన్నడిగితే తొందరేం లేదు. ముందు అదే ఫోన్‌లో చెల్లి నంబరుకు చెయ్యండి. ఎత్తకపోతే, ఆవిడ ఎందుకు ఎత్తలేదో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. మర్నాడు మళ్లీ చెయ్యండి.